హిల్మా పెద్దమ్మ కంటే పెద్దది

మా అల్లుడు గడ్డం పెంచడం మొదలుపెట్టినప్పుడే నాకు అనుమానం వచ్చింది. పేరు ట్రెంట్, స్కూల్లో లెక్కల మాస్టారు. సెలవుల్లో కూడా రోజూ నున్నగా గీసుకునే మనిషి. అలాంటివాడు జూలై అంతా మొహాన తుప్పురంగు పీచు పెట్టుకుని తిరుగుతుంటే ఉండబట్టలేక అడిగేశాను.

"ఏమయ్యా, ఇంట్లో బ్లేడ్లు నిండుకున్నాయా?"

"కాదత్తయ్యా, ఆగస్టులో మనం పాతకాలానికి వెళ్తున్నాం," అన్నాడు మురిసిపోతూ. "మీరు కూడా."

పాతకాలం అంటే మా ఊరికి పడమర వైపు ఇసుక గుట్టల్లో లెనోర్ అనే ఆవిడ నడిపే పొలం. నెబ్రాస్కాకి మొదట వచ్చినవాళ్ళు కట్టుకున్నట్టే అక్కడొక మట్టిగడ్డల ఇల్లుంది. గడ్డిని వేళ్ళతో సహా దిమ్మలుగా కోసి ఇటుకల్లా పేర్చిన ఇల్లు. పిల్లలున్న కుటుంబాలు వారాంతంలో అక్కడికెళ్ళి, ఆ కాలపు బట్టలు కట్టుకుని, ఆ కాలపు పొయ్యి మీద వండుకుని, చేత్తో బట్టలుతుక్కుని, ఒళ్ళు నొప్పులతో ఇంటికొస్తారు. ఆ ముచ్చట కోసం జనం ముందుగా చెప్పి పెట్టుకుంటారట.

నాకు నవ్వొచ్చింది. మా ఇంటికి కరెంటు వచ్చేసరికి నాకు తొమ్మిదేళ్ళు. మా అమ్మ బట్టలుతికే మిషన్ మొదటిసారి తిరగడం చూసి, దాని ముందు కుర్చీ వేసుకుని, సినిమా చూసినట్టు చివరిదాకా చూసింది. అలాంటి అమ్మ కూతుర్ని నేను.

"అంత సరదాగా ఉంటే మా ఇంటికే రండి. ఫ్యూజులు పీకేసి కూర్చుందాం," అన్నాను.

"మారెన్ అడిగిందమ్మా," అంది మా అమ్మాయి జనెల్ మెల్లగా. "పుట్టినరోజుకి ఇంకేమీ వద్దంది."

అంతే, ఎప్పుడు బయల్దేరాలో అడిగాను. మారెన్ నా మనవరాలు. పన్నెండేళ్ళు నిండబోతున్నాయి. అంతకుముందు సంవత్సరం క్రిస్మస్ ముందు దానికి షుగర్ జబ్బు బయటపడింది. పెద్దవాళ్ళకొచ్చేది కాదు, పిల్లలకొచ్చేది. ఒంట్లో ఇన్సులిన్ అసలు తయారే కాదు. తిన్నప్పుడల్లా సూది వేసుకోవాలి, రోజుకి ఇన్నిసార్లని వేలు గుచ్చుకుని రక్తం చూసుకోవాలి. ఎక్కువైతే ఒక బాధ, తక్కువైతే ఇంకా పెద్ద బాధ. ఎప్పటికప్పుడు లెక్క చూపించే పట్టీ భుజానికి అంటిస్తే దాని చర్మానికి పడక ఎర్రగా దద్దుర్లు లేచాయి. దాంతో మళ్ళీ వేళ్ళ మీదే పడ్డారు. అప్పట్నుంచీ జనెల్ ఒక్క రాత్రి కూడా తిన్నగా పడుకోలేదు. అలారం పెట్టుకుని లేచి, నిద్రలో ఉన్న పిల్ల వేలు పట్టుకుని గుచ్చి చూసి, మళ్ళీ పడుకుని, నిద్ర పట్టక కప్పు చూస్తూ ఉంటుంది. కళ్ళ కింద నల్లటి గుంటలు పడ్డాయి. "నేనూ ఒక రాత్రి చూస్తానే," అని ట్రెంట్ అంటే, "నువ్వు అలారం వినవు," అంటుంది. ఆ మాట నిజమే. వాడు పిడుగు పడినా లేవడు.

బయల్దేరే ముందు రోజు జనెల్ నన్ను వంటింట్లోకి లాగింది.

"అమ్మా, ఒక్క మాట. ఆ హిల్మా కథ మాత్రం దాని ముందు ఎత్తకు."

"నేనెందుకెత్తుతానే?"

"అక్కడికెళ్ళాక నీకు అన్నీ గుర్తొస్తాయి. నాకు తెలుసుగా నీ సంగతి."

ఎత్తనని మాటిచ్చాను.

శనివారం పొద్దున్నే చేరాం. లెనోర్ గుమ్మంలోనే ఎదురొచ్చింది. కంబళి మూటలా దిట్టమైన మనిషి, గొంతు కూడా అంతే. ఫోన్లన్నీ ఒక పచ్చళ్ళ జాడీలో వేయించుకుంది. మా అందరికీ బట్టలిచ్చింది. ఆడవాళ్ళకి కాళ్ళదాకా చీటీ గుడ్డ గౌనులు, మీద ఏప్రన్లు, తలకి ముందుకు పొడుచుకొచ్చే టోపీలు. మారెన్ తమ్ముడు, ఆరేళ్ళ ఆస్కర్‌కి మోకాళ్ళ దాకా లాగు, భుజాల మీంచి పట్టీలు. వాడు ఆ పట్టీలు లాగి ఠప్పున వదలడం నేర్చుకున్నాక రోజంతా ఇంకో పని పెట్టుకోలేదు.

జనెల్ ఎర్ర బ్యాగు గుండెలకి హత్తుకుని నిలబడింది. ఇన్సులిన్, సూదులు, షుగర్ చూసే మిషన్, గ్లూకోజ్ బిళ్ళలు, అన్నీ దాంట్లోనే.

"ఇది మాత్రం ఇవ్వనండీ," అంది.

"ఎవరడిగారు తల్లీ?" అంది లెనోర్. "మా దగ్గర పాతకాలం బట్టలూ పొయ్యీ వరకే. మందులు ఈ కాలానివే వాడతాం."

ఆ ఒక్క మాటతో లెనోర్ నాకు నచ్చేసింది.

లోపలికి అడుగుపెట్టగానే చల్లగా తగిలింది, తడిమట్టి వాసన. గోడలు చెయ్యి చాచినంత మందం. పైనుంచి మట్టి రాలకుండా కప్పుకింద తెల్లగుడ్డ కట్టారు. అయినా రాలుతుంది. ట్రెంట్ కాఫీలో ఒక గడ్డ టప్పున పడితే, "నాన్నా, నీ కాఫీలో నేల పడింది!" అని ఆస్కర్ గెంతాడు.

పొయ్యి వెలిగించే పని ట్రెంట్ తీసుకున్నాడు. ఆ గుట్టల్లో చెట్లుండవు కాబట్టి కట్టెలూ ఉండవు, ఎండిన ఆవు పేడే వంటచెరకు. ఆస్కర్ పచ్చికంతా తిరిగి తట్టలు తట్టలుగా ఏరుకొచ్చాడు. పేడ పట్టుకుంటే తిట్టేవాళ్ళు లేని చోటు వాడికి స్వర్గంలా ఉంది. లెక్కల మాస్టారు మాత్రం గంటసేపు ఊది ఊది, కళ్ళు ఎర్రగా చేసుకుని, మొహమంతా మసి పూసుకున్నాడు గానీ మంట రాజుకోలేదు. చివరికి నేనే జరగమని, పొగగొట్టం మూత తెరిచాను.

"మూతుందా దానికి?" అన్నాడు.

"ఉంది నాయనా. మూసేసి ఊదితే పొగకి మనమే ఎండుచేపలమవుతాం."

మధ్యాహ్నం దాకా మారెన్ ఒక్క నిమిషం కూర్చోలేదు. గాలిమర దగ్గర్నుంచి బాల్చీలతో నీళ్ళు మోసింది. గీతల రేకు మీద సబ్బు రుద్ది దుప్పట్లుతికింది. పిండి కలిపింది. అంత హుషారుగా దాన్ని చూసి చాలా రోజులైంది. వెనకాలే జనెల్.

"చూసుకున్నావా?"

"చూసుకున్నా."

"ఎంతుంది?"

"బాగానే ఉందమ్మా."

"బాగానే అంటే ఎంత? ఇంకోసారి చూడు."

"అమ్మా, నా షుగర్ ఎంతుందో ఇక్కడి కోళ్ళకి కూడా తెలిసిపోయింది," అంది మారెన్. ట్రెంట్ నవ్వాడు. జనెల్ నవ్వలేదు.

భోజనానికి బీన్సు, ఉప్పు మాంసం, మొక్కజొన్న రొట్టె. మారెన్ కిటికీ దగ్గర నిలబడి దేంట్లో ఎంతుంటుందో లెక్క వేసుకుని, గౌను కాస్త జరిపి పొట్టకి సూది వేసుకుంది. ఆ మందపు గోడ పక్కన, ఆ టోపీతో, చేతిలో ఆ సన్నటి ఇన్సులిన్ పెన్నుతో పిల్లని చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకో తర్వాత చెప్తాను.

తిన్నాక ఇంటి నీడలో కూర్చుని ఇద్దరం వెన్న చిలికాం. నిలువుపాటి కొయ్య పీపాలో కర్ర పైకీ కిందకీ ఆడించాలి. మారెన్ చెయ్యి ఆపకుండానే అడిగింది.

"అమ్మమ్మా, ఆ కాలంలో నాలాంటి పిల్లల్ని ఏం చేసేవాళ్ళు?"

"నీలాంటివాళ్ళంటే? మాటకి మాట చెప్పేవాళ్ళనా? గోడవైపు తిరిగి నిలబడమనేవాళ్ళు."

"తెలుసుగా నీకు. షుగర్ ఉన్నవాళ్ళని."

జనెల్‌కి మాటిచ్చానాయె.

"కర్ర బరువెక్కిందా? వెన్న వచ్చిందేమో చూడు," అన్నాను.

మారెన్ నా మొహంలోకి చూసింది. అబద్ధం చెప్పినా దానికంత కోపం వచ్చేది కాదేమో.

"క్లాసులో ఒకడు చెప్పాడులే. పాతకాలం అయితే నువ్వు ఉండేదానివి కాదన్నాడు. నిజమా అని అమ్మనడిగితే హోమ్‌వర్క్ అయిందా అంది. డాక్టర్‌నడిగితే, ఇప్పుడు మనం ఆ కాలంలో లేము కదా అంది. అందుకే ఇక్కడికి రావాలనుకున్నా. ఇక్కడైనా ఎవరో ఒకరు చెప్తారనుకున్నా." కర్ర వదిలేసి లేచింది. "నువ్వు కూడా చెప్పవన్నమాట."

పుట్టినరోజు కోరిక వెనక ఉన్నది ఇదా అని నేను నోరు తెరిచేలోపే, అది తమ్ముణ్ణి కేకేసింది. గాలిమర దాటి గుట్ట అవతల వాగు పల్లంలో అడవి ప్లమ్ పళ్ళు పండాయని లెనోర్ పొద్దునే చెప్పింది. ఇద్దరూ తలొక బుట్ట పట్టుకుని బయల్దేరారు.

"బ్యాగు తీసుకో!" అని దండెం దగ్గర్నుంచి జనెల్ అరిచింది.

"ఆఁ, ఆఁ!" అని మారెన్ వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపింది.

నేను వెన్న కడిగి, ఉప్పు కలిపి, గిన్నెకెత్తాను. అప్పటికి పడమర వైపు ఆకాశం నీలం పోయి చింతపండు రంగుకొచ్చింది. గాలి ఆగిపోయింది, గాలిమర రెక్కలు కూడా. మా వైపు ఆగస్టు వాన కబురు పెట్టి రాదు. వెన్నగిన్నె లోపల పెడదామని వెళ్ళాను. తలుపు పక్కన మేకుకి ఎర్ర బ్యాగు వేలాడుతోంది.

గిన్నె ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు. బ్యాగు పట్టుకుని బయటికొచ్చి, "జనెల్!" అన్నానంతే. అది నా చేతిలో ఏముందో చూసింది. చేతిలో ఉన్న దుప్పటి మట్టిలో పడేసి పరుగెత్తింది. గౌను కాళ్ళకి అడ్డం పడుతుంటే రెండు చేతులా నడుం దాకా ఎత్తి పట్టుకుంది. బ్యాగు లాక్కోవాలని కూడా తోచలేదు దానికి. ట్రెంట్ పొయ్యి దగ్గర్నుంచి మసి మొహంతో వచ్చి, నా చేతిలోంచి బ్యాగు లాక్కుని దాని వెనకాలే పరుగెత్తాడు. లెనోర్ కొట్టంలో గుర్రాన్ని విప్పడానికెళ్ళింది.

నేను పరుగెత్తలేను. మోకాళ్ళు అరిగిపోయాయి. కానీ ఇంట్లో కూర్చోలేను కూడా. గడ్డి గుండెల దాకా ఉంది. దాన్ని తోసుకుంటూ నడిచాను. పొద్దున్నుంచీ పిల్ల ఎన్ని బాల్చీలు మోసిందో, ఎంత ఉతికిందో అప్పుడు నా కళ్ళ ముందు తిరిగింది. ఒళ్ళు అలిసేకొద్దీ షుగర్ పడిపోతుంది. అలా పడిపోయినప్పుడు ఏదైనా తియ్యటిది నోట్లో పడాలి. పడకపోతే తల తిరుగుతుంది, మాట తడబడుతుంది, తర్వాత స్పృహ తప్పుతుంది. పక్కనున్నవాడికి ఆరేళ్ళు. దూరంగా ఉరుము ఒకటి దొర్లింది.

గుట్ట మీదికొచ్చేసరికి ఏదో అరుపు వినిపించింది. ఏడుపు కాదు. సాయం కోసం అరుపూ కాదు. ఆస్కర్ గొంతు చించుకుని రాక్షసబల్లుల పేర్లు చదువుతున్నాడు. ఒకటి అయిపోగానే ఊపిరి తీసుకుని ఇంకోటి. వాడికి వచ్చిన పేర్లన్నీ అయిపోయాయి కాబోలు, మళ్ళీ మొదటికొచ్చాడు. నా జన్మలో అంత ఇంపైన పాట వినలేదు.

కింద పల్లంలో ప్లమ్ పొదల పక్కన మారెన్ గట్టుకి ఆనుకుని కూర్చుంది. టోపీ జారి వీపు మీద వేలాడుతోంది. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది. మొహం సున్నం కొట్టినట్టుంది గానీ, మూతీ గడ్డం మెడా అంతా పళ్ళరసం ఎర్రగా కారింది. ఒళ్ళో గింజల కుప్ప. జనెల్ అప్పుడే గట్టు దిగుతోంది.

"అమ్మా, పరుగెత్తకు, పడతావ్," అంది మారెన్. మాట కొంచెం నెమ్మదిగా ఉంది, అంతే. "షుగర్ పడిపోయింది. పళ్ళు తిన్నాను. ఇప్పుడు వణుకు తగ్గింది."

జనెల్ దాని ముందు మోకాళ్ళ మీద కూలబడింది. ట్రెంట్ బ్యాగు తెరిచి మిషన్ అందించాడు గానీ, జనెల్ సూది తలకిందులుగా పట్టుకుంది. మారెనే అందుకుని, పళ్ళరసం అంటిన వేలు ఏప్రన్‌కి గట్టిగా తుడుచుకుని గుచ్చుకుంది. అందరం ఆ చిన్న అద్దంలోకి వంగి చూశాం.

"డెబ్భై దాటింది," అన్నాడు ట్రెంట్. గడ్డంలోంచి గాలి బుస్సున వదిలాడు. "దాటేసిందే, జనెల్. పైకొస్తోంది."

జనెల్ గ్లూకోజ్ బిళ్ళలు కూడా దాని నోట్లో పెట్టి, అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. "బ్యాగు తీసుకో అని అరిచానా లేదా? ఆఁ ఆఁ అన్నావా లేదా?"

"అన్నా. నీళ్ళు మోస్తుంటే ఊగి ఊగి అడ్డమొస్తోందని పొద్దున మేకుకి తగిలించా. బిళ్ళలైనా వేసుకుందామంటే ఈ గౌనుకి జేబుల్లేవమ్మా. ఎలా బతికారో వీళ్ళు," అంది మారెన్. తర్వాత జరిగింది చెప్పింది. పళ్ళు కోస్తుంటే వేళ్ళు వణికాయట. టోపీ ముడి వేసుకుందామంటే దారాలు చేతికందలేదట. అప్పుడు తెలిసిపోయిందట. ఇంటికి పరుగెత్తుకొద్దామనుకుంది. గుట్ట ఎక్కితే షుగర్ ఇంకా పడిపోతుందని ఆస్పత్రిలో చెప్పింది గుర్తొచ్చి, ఉన్నచోటే కూర్చుంది. బాగా పండి మెత్తబడ్డవి ఏరుకుని, తోలు పుల్లగా ఉన్నా ఉమ్మకుండా, లోపలి తియ్యటి గుజ్జు పీల్చుకుంటూ ఒకదాని తర్వాత ఒకటి తింటూ పోయింది.

"తమ్ముణ్ణి ఇంటికి పంపొచ్చుగా?" అన్నాడు ట్రెంట్.

"గడ్డి వాడి నెత్తి కంటే ఎత్తుంది నాన్నా. వాడు తప్పిపోతే? అందుకే ఇక్కడే నిలబడి అరువు, ఆపకు అన్నా. ఏం అరవనూ అన్నాడు. నీకు బాగా వచ్చినవి అరువు అన్నా."

"నేను ఆపలేదు," అన్నాడు ఆస్కర్ బొంగురు గొంతుతో. "గొంతు నొప్పెడుతోంది. ఇప్పుడు ఆపొచ్చా?"

ట్రెంట్ నవ్వబోయాడు, నవ్వు మధ్యలో ఇంకోలా మారింది. వాణ్ణి ఎత్తుకుని మసి గడ్డం వాడి మెడలో దాచుకున్నాడు. నేను గట్టు మీదే కూలబడ్డాను. అమ్మయ్య అనడానికి కూడా నాలో గాలి లేదు. గోళీకాయంత చినుకులు మొదలయ్యాయి. లెనోర్ గుర్రంతో వచ్చింది. మారెన్‌ని దాని మీద కూర్చోబెట్టి, అందరం తడుస్తూ ఇంటికి చేరాం.

ఆ వాన ఆ ఇంటి మీద పడుతుంటే లోపల చప్పుడే లేదు. గోడలు అంత మందం. కప్పు మాత్రం ఒక మూల బురదనీళ్ళు కార్చింది. కింద బాల్చీ పెట్టాం. మారెన్‌కి పొడిబట్టలు వేసి, దుప్పటి చుట్టి, రొట్టె వెన్నా పాలూ ఇచ్చాం. షుగర్ మళ్ళీ చూశారు. నిలకడగా ఉంది. ఈసారి పొయ్యి ట్రెంట్ వెలిగించాడు, మూత తెరిచి మరీ.

మారెన్ పాలు తాగి, గ్లాసు పక్కన పెట్టి, నా వైపు తిరిగింది.

"ఇప్పుడైనా చెప్తావా అమ్మమ్మా?"

నేను జనెల్ వైపు చూశాను. అది మంచం అంచున కూతురి పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దుప్పటి అంచు వాటి మీదికి లాగి కప్పింది. ఆఖరికి, "చెప్పమ్మా," అంది. "ఎలాగూ అడగడం మానదు."

అప్పుడు చెప్పాను. మా అమ్మకి ఒక అక్క ఉండేది, హిల్మా. ఇలాంటి మట్టిగడ్డల ఇంట్లోనే, ఇక్కడికి ఇంకాస్త ఉత్తరాన. మంచి పుష్టిగా ఉండే పిల్ల. పదకొండో ఏట ఉన్నట్టుండి చిక్కిపోవడం మొదలుపెట్టింది. ఎంత తాగినా దాహం తీరేది కాదు. పంపు దగ్గరే కూర్చునేది. డాక్టర్ గుర్రపు బండిలో వచ్చి చూసి, చక్కెర జబ్బన్నాడు. మందు లేదన్నాడు. తిండి తగ్గించమన్నాడు. అదొక్కటే వాళ్ళకు తెలిసిన వైద్యం. వేసవిలో మొదలైంది, చలికాలం చూడలేదు.

"నాకు వరసకి పెద్దమ్మ," అన్నాను. "పదకొండేళ్ళ పెద్దమ్మ. అదెక్కడి పెద్దరికమో చూడు."

మారెన్ కళ్ళు పెద్దవి చేసింది. "నాకంటే చిన్నది!"

"నీకంటే చిన్నదే."

"మందు ఎప్పుడొచ్చింది?"

"తను పోయిన మూడేళ్ళకి. ఇంకో మూడేళ్ళు బతికుంటే ఇన్సులిన్ అందేది."

బాల్చీలో బొట్లు పడుతున్నాయి. పిల్ల ఏడుస్తుందేమోనని జనెల్ దాని పాదం గట్టిగా పట్టుకుంది. కానీ మారెన్ ఇంకేదో ఆలోచిస్తోంది.

"తనకి ఏం వచ్చేది?" అంది.

"అంటే?"

"అంటే, జబ్బు కాకుండా. ఆస్కర్‌కి రాక్షసబల్లులు వచ్చినట్టు. తనకేం వచ్చు?"

నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. మా అమ్మ చెప్పినవి వెతుక్కున్నాను. "ఈల వేసేదట. మగపిల్లలకంటే గట్టిగా. ఈల వేస్తే పొలం ఆ చివర్నుంచి గుర్రం వచ్చేదట. మా అమ్మ ఎంత ప్రయత్నించినా ఆ గుర్రం తలెత్తి కూడా చూసేది కాదట. అక్క మీద కోపంతో మా అమ్మ ఒకసారి దాని టోపీ కోళ్ళ గూట్లో దాచిందట."

మారెన్ నవ్వింది. ఆస్కర్ వెంటనే వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల ప్రయత్నించి, ఉమ్ము తప్ప ఏమీ రాక, మళ్ళీ ప్రయత్నించాడు.

"అయితే వాడు చెప్పింది నిజమే," అంది మారెన్. "ఆ కాలంలో నేను ఉండేదాన్ని కాదు."

"నిజమే," అన్నాను. "నీకు జబ్బని తెలిసిన రోజు ఆస్పత్రి వరండాలో నేను ఏడుస్తుంటే మీ అమ్మ చూసింది. బెంగతో ఏడుస్తున్నాననుకుంది."

"మరి కాదా?" అంది జనెల్ తల తిప్పి.

"జబ్బు పేరు చెప్పగానే నాకు ఊపిరాడలేదు. అంతలోనే ఒక నర్సు గది లోపల్నుంచి వచ్చి, ఇన్సులిన్ మొదలుపెట్టేశాం, సాయంత్రానికి లేచి కూర్చుంటుంది అంది. ఎంత తేలిగ్గా అందనుకున్నావ్! కాఫీ పెట్టేశాం అన్నట్టు. మా అమ్మ బతికుంటే ఆ మాట వినేదే అనుకున్నా. హమ్మయ్య అని ఏడ్చానే నేను. నీకు చెప్దామంటే, అప్పుడు నువ్వు వినే స్థితిలో లేవు."

జనెల్ నన్ను అలాగే చూసింది. కళ్ళు నిండాయి. కానీ మొహంలో బిగుతు వదిలింది. బిగించిన తాడు ఎవరో విప్పినట్టు భుజాలు కిందికి దిగాయి. "నాకు చెప్పి ఉండాల్సిందమ్మా," అంది. అంటూనే కూతురి పక్కన గడ్డి పరుపు మీద వాలింది. ఒక్క నిమిషం నడుం వాలుస్తానంది.

ఆ ఒక్క నిమిషం మర్నాడు తెల్లారేదాకా సాగింది. ఇంకా పొద్దు కుంకలేదు, వాన ఆగలేదు, చిన్నగా గురక మొదలైంది. ట్రెంట్ పెనం మీద అట్లు వేస్తూ, "లేపనా? అన్నం తినదా?" అన్నాడు.

"లేపావంటే ఊరుకోను," అంది మారెన్ గుసగుసగా. తన దుప్పటి తీసి తల్లికి కప్పింది. భోజనానికి ముందు తనే షుగర్ చూసుకుని, తనే అట్లు లెక్కపెట్టుకుని, సూది వేసుకుని, మిషన్‌లో అంకె నాన్నకి చూపించింది. ట్రెంట్ బొటనవేలు ఎత్తాడు. రాత్రి చూడాల్సిన వంతు తను తీసుకుంటానన్నాడు. "అలారం వినపడదుగా నీకు," అన్నాను. "ఫోన్లన్నీ జాడీలో ఉన్నాయత్తయ్యా, ఇక అలారమెక్కడిది? అసలు పడుకోనే పడుకోను," అన్నాడు. నిజంగానే పడుకోలేదు. పొద్దున లేచేసరికి పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని, ఎర్ర కళ్ళతో, ఒక కాగితం మీద బొగ్గుతో గుర్రం బొమ్మ వేస్తున్నాడు. గుర్రమో మేకో సరిగ్గా చెప్పలేను.

జనెల్ లేచి, ఎక్కడుందో తెలియక చుట్టూ చూసింది. మొదట కూతురి వైపు చూసింది. కూతురు బయట పంపు దగ్గర లెనోర్‌తో గొడవ పడుతోంది, వెన్న చిలకడంలో ఎవరు ముందని. "రాత్రి చూశారా?" అని అడిగింది. "చూశాను, రెండుసార్లు. బాగుంది," అన్నాడు ట్రెంట్. ఆ జవాబు నమ్మి, మళ్ళీ చూడకుండా, మా అమ్మాయి కాఫీ గిన్నె అందుకుంది.

ఇంటికి వచ్చాక ఎవరికీ ఆ మట్టి ఇంటి మీద బెంగ పెట్టుకునే తీరిక లేదు. వేడినీళ్ళ స్నానానికి ఎవరు ముందు వెళ్ళాలని కొట్టుకున్నారు. ట్రెంట్ గడ్డం ఆ సాయంత్రమే పోయింది. నేను మా ఇంటికెళ్ళి, ఆ మురికి బట్టలన్నీ మిషన్‌లో వేసి, మీట నొక్కి, కాసేపు దాని ముందే నిలబడ్డాను.

సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం జనెల్ ఫోన్ చేసింది. గొంతు ఎవరిదో అనుకున్నాను, అంత తేరుకుని ఉంది. ముందురోజు రాత్రి మారెన్‌ని స్నేహితురాలి ఇంట్లో పడుకోవడానికి పంపిందట. జబ్బు వచ్చాక మొదటిసారి. ఎర్ర బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిందట. ఆ పిల్ల తల్లికి ఏం చెయ్యాలో మారెనే కూర్చోబెట్టి చెప్పిందట.

"నువ్వు పడుకున్నావా?" అని అడిగాను.

"తొమ్మిదింటికి లేచానమ్మా. ట్రెంట్ నాకేమైందోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడట."

"మరి దాన్నుంచి కబురేమైనా వచ్చిందా?"

జనెల్ నవ్వింది. "వచ్చింది. చదువుతా విను. 'బతికే ఉన్నా. నూటపది. అట్లు తింటున్నాం. ఇంకో గంట ఫోన్ చెయ్యకు.'"